నాలుగడుగులు వెనక్కి

మా బావ బోర్డులు రాసే పెయింటరు. మందుల షాపు, టైలరు, పళ్ళ డాక్టరు, ఊళ్ళో ఎవరి పేరు చూసినా ఆయన చేతి రాతే. ఒక అక్షరం పూర్తికాగానే కుంచె పైకెత్తి, కళ్ళు చికిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటాడు. ఆ అలవాటుతో రెండుసార్లు మురుగుకాలవలో పడ్డాడు, ఒకసారి కూరగాయల బండి మీద. బండివాడు తిడుతుంటే, "దూరం నుంచి చూడకపోతే తప్పెలా తెలుస్తుందయ్యా?" అని వాడికే పాఠం చెప్పాడు.

ఊరి వెనక వరసగా మూడు రాతి శిఖరాలున్నాయి. పైన సగం రోజులు పొగమంచే. నడవడానికి వెళ్ళేవాళ్ళు దారి తప్పకుండా బండల మీద పసుపు బాణాలు గీసిందీ, ఏటా వానలయ్యాక వాటిని దిద్దేదీ బావే. ఎవరూ అడగలేదు, ఊరుకోవడానికి ఆయనకే మనసొప్పలేదు. వెంట మా అక్క వెళ్ళేది. వెళ్ళి చేసే ఘనకార్యం, వెనక నిలబడి వంకలు పెట్టడం. "మొన వంకరపోయింది." "తోక లావయింది." బావ వెనక్కి జరిగి ఆమెకి తగిలినప్పుడల్లా, "అడ్డు తప్పుకోవే తల్లీ!" అని విసుక్కునేవాడు.

పోయిన ఏడాది అక్కకి మోకాలు వాచింది. "ఈసారికి నువ్వెళ్ళవే" అంది. నాకు యాభై దాటాయి, మేడమెట్లెక్కితేనే ఆయాసం. అయినా అక్క మాట తీసెయ్యలేను. బయల్దేరేముందు వంటింట్లోకి పిలిచింది.

"బాణం దిద్దుతున్నంతసేపూ ఆయన వెనకే నిలబడు. కదలకు. ఆయనకి చెప్పకు."

"ఎందుకే?"

"చెప్పింది చెయ్యి, నీకు పుణ్యముంటుంది."

రెండు శిఖరాల మీద బుద్ధిగానే నిలబడ్డాను. మూడోదాని మీద మంచు కమ్మేసింది. బావ తప్ప ఇంకేమీ కనపడట్లేదు. కాళ్ళు పీకేస్తుంటే పక్క బండ మీద చతికిలబడి, చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటున్నాను.

బావ బాణం మొన దిద్ది కుంచె పైకెత్తాడు. కళ్ళు చికిలించి ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడే గాలి వీచి మంచు కాస్త విడింది. ఆయన వెనక రెండడుగుల బండ ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. వట్టికాళ్ళతోనే లేచాను. ఒక్క ఉదుటున పోయి చొక్కా పట్టుకు లాగాను. ఇద్దరం బండ మీద పడ్డాం. రంగుడబ్బా ఒక్కటే అంచు దాటింది. అది కింద పడిన చప్పుడు ఎంతసేపటికో గాని వినపడలేదు.

"మీ అక్క ఇన్నేళ్ళూ... అందుకా?" అన్నాడు బావ.

ఇంటికొచ్చేసరికి అక్క మోకాలికి కాపడం పెట్టుకుంటోంది. బావ ఆమె ముందు నేల మీద కూర్చుని, ఆ వేడి గుడ్డ తన చేతిలోకి తీసుకున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే భయపడతారు. భయపడితే చెయ్యి వణుకుతుంది. మీకు అన్నం పెట్టేది ఆ చెయ్యేగా!"

"మరి ఆ వంకలన్నీ?"

"ఊరికే నిలబడితే మీకు అనుమానం రాదూ!"

బావ కళ్ళు తుడుచుకున్నాడు. నా అరికాళ్ళు రెండూ కోసుకుపోయి మండుతున్నాయి. అయినా ఆ గాలికి, ఆ క్షణానికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇప్పటికీ పెట్టుకుంటాను.

ఈ ఏడాది ముగ్గురం వెళ్ళాం. మూడో శిఖరం మీద అదే మంచు. బావ బాణం పూర్తిచేసి కుంచె ఎత్తాడు. కాలు మాత్రం కదపలేదు.

"ఉన్నావా?" అన్నాడు, తల తిప్పకుండానే.

"తోక లావయింది" అంది అక్క.

బావ నిశ్చింతగా అడుగు వెనక్కి వేశాడు.