తోటికోడలి వీపు వెనకాల, క్లిప్ పెడళ్ల మీద భీమిలికి

మూడు నెలలుగా నేను సైకిలు మీద చూసిందల్లా మా తోటికోడలు ఈశ్వరి వీపే. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు గురించి రాసేవాళ్లందరూ సముద్రం, కొండలు, సూర్యోదయం అని రాస్తారు. నాకైతే కుడిపక్కన సముద్రం ఉందన్న సంగతే గుర్తుండేది కాదు. ఎదురుగా ఒక పసుప్పచ్చ చొక్కా, కాసేపటికి అది నిమ్మకాయంత, ఇంకాసేపటికి ఆవగింజంత, ఆ తర్వాత మలుపులో మాయం. నాకు యాభై తొమ్మిది, తను నాకంటే ఏడేళ్లు చిన్న, సరే. కానీ ఇద్దరం ఒకే రోజు ఒకే కొట్లో సైకిళ్లు కొన్నవాళ్లం. మోకాళ్లు కదపమని డాక్టరు చెప్పింది నాకు, తోడు వస్తానన్నది తను. ఆరేళ్లపాటు ప్రతి ఆదివారం పక్కపక్కనే తొక్కాం. ఋషికొండలో మొదలైన కబురు భీమిలి చేరేసరికి గానీ తెమిలేది కాదు. అలాంటిది, తన సైకిలుకి క్లిప్ పెడళ్లు వేయించుకున్న రోజు నుంచీ నాకు కబురూ లేదు, తోడూ లేదు. వీపొక్కటే మిగిలింది. దాచడమెందుకు, కుళ్లుకున్నాను. రాత్రి పడుకున్నా ఆ పసుప్పచ్చ చొక్కాయే కళ్లలో మెదిలేది.

ఆ పెడళ్లేమిటో తెలియనివాళ్లకి చెప్తాను. బూటు అడుగున చిన్న ఇనపముక్క ఉంటుంది. పెడల్ మీద కాలేసి నొక్కితే టక్కున పట్టేసుకుంటుంది. ఇక కాలు జారదు, తొక్కేటప్పుడు కిందికి నొక్కడమే కాదు, పైకి లాగినా బండి ముందుకే పోతుంది. కాలు విడిపించుకోవాలంటే మడమని బయటివైపు తిప్పాలి. పైకి ఎంత లాగినా రాదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోయి అనుభవించాను.

ఈశ్వరిని అడిగితే నేర్పేదే. అడగడానికి నాకు నోరు రావాలిగా! మా మరిది ఇక్కడి పిల్లనే చేసుకున్నాడు, నేను గోదావరి వైపు నుంచి వచ్చినదాన్ని. మా అత్తగారు బతికున్న రోజుల్లో నేను చేపల పులుసు పెడితే "బాగుంది" అనేవారు, ఈశ్వరి పెడితే గిన్నె ఊడ్చేవారు. అప్పటినుంచీ ఉన్న మంట ఇది. ఈ వయసులో వెళ్లి దాని దగ్గర శిష్యరికం చేస్తానా? గుట్టుచప్పుడు కాకుండా ద్వారకానగర్ వెళ్లి పెడళ్లూ, బూట్లూ కొనుక్కొచ్చాను. రెండూ కలిపి పదివేలు దాటాయి. ఇనపముక్క అడుగున లోపలికి దిగి ఉండే రకం బూట్లు తీసుకుంటే మామూలుగా నడవనూ వచ్చు. మా ఆయన స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి, పెడళ్లు ఆయనే బిగించి పెట్టి, తమ్ముడికి కూడా చెప్పనని ఒట్టేశారు.

మధురవాడలో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, స్తంభం పట్టుకుని మొదలుపెట్టాను. ఎడమ కాలు తగిలించడం, తిప్పి తీయడం, మళ్లీ తగిలించడం. వాచ్‌మన్ భార్య రాములమ్మది శ్రీకాకుళం వైపు. చీపురు పక్కన పెట్టి మరీ చూసింది. "కాల్లు కట్టీసుకుని సైకిలెక్కడమేటమ్మా, ఎవుల మీద కోపం?" అంది. నేను మళ్లీ కాలు తగిలించాను. తర్వాత దగ్గరలోని కాలేజీ గ్రౌండులో గడ్డి మీద తిరిగాను. రెండుసార్లు పడ్డాను గానీ గడ్డి కాబట్టి పరువు తప్ప ఏమీ పోలేదు. రెండు వారాలకి, ఆగాలనుకున్న చోట ఆగి కాలు కింద పెట్టగలిగాను. ఇంకేం, ఆదివారం భీమిలి అనుకున్నాను. ఆ రోజు ఈశ్వరి పక్కన తొక్కితే తొక్కాను, లేదంటే సైకిలు అమ్మేస్తానని మనసులో గట్టిగా అనేసుకున్నాను.

మధురవాడ నుంచి అయిదున్నరకి బయల్దేరితే, ఐటీ ఆఫీసుల కొండ పక్కనుంచి దిగి ఋషికొండ దగ్గర బీచ్ రోడ్డెక్కడానికి అరగంట కూడా పట్టదు. ఈశ్వరి ఎంవీపీ కాలనీ నుంచి వచ్చి అక్కడ కలుస్తుంది. ఇంకా మసక వెలుతురే. నా బూట్లు దాని కంట పడకుండా సైకిలుకి అవతలివైపు నిలబడ్డాను. "పదక్కా" అని అది కదిలింది, వెనకాలే నేను టక్కున తగిలించాను. ఆ చప్పుడుకి వెనక్కి తిరిగి చూసింది. ఆ మొహం చూడాలి మీరు! వెంటనే వేగం పెంచింది. నేనూ పెంచాను. ఎదురుగాలి వీస్తోంది, తొడలు మండిపోతున్నాయి, అయినా పసుప్పచ్చ చొక్కా నిమ్మకాయంత కావడం లేదు. తొట్లకొండ మలుపు దగ్గర రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. అక్కడ కాళ్లు పైకి లాగడం మొదలెట్టి, అరె, దాని భుజం పక్కకి వచ్చేశాను. ఆరేళ్లలో ఎప్పుడూ నాకంత సంతోషం కలగలేదు. ఆ రోజు సముద్రం కూడా కనిపించింది.

ఎత్తు దాటి కాస్త దిగాక, చేపలవాళ్ల పేట దగ్గర రోడ్డు పక్కన చిన్న గంగమ్మ గుడి వస్తుంది. మా అత్తగారు ఆ దారిన ఎప్పుడు వచ్చినా, స్కూటరు వెనక కూర్చుని ఉన్నా సరే, పాదాలు చెప్పుల్లోంచి పైకి లాగి దండం పెట్టేవారు. చెప్పు వదలకుండా పెట్టిన దండం అమ్మవారికి చేరదనేవారు. ఆవిడ పోయినా ఆ అలవాటు మాకు పోలేదు. చెప్పులతో తొక్కినన్నాళ్లూ ఇద్దరం అక్కడ నెమ్మదించి, ఎడమ పాదం చెప్పులోంచి లాగి, నుదుటికి చెయ్యి తాకించి పోయేవాళ్లం. ఆ రోజు కూడా నెమ్మదించాను. చెయ్యి నుదుటికి పోయింది. కాలు దాని పాటికి అది పైకి లేచింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. సైకిలుతో సహా ఎడమపక్కకి ఒరిగి, అమ్మవారి ఎదురుగా ఇసకలో పడ్డాను. కుడికాలు ఇంకా పెడల్‌కే ఉంది.

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నేను కళ్లు మూసుకుని ఆ నవ్వు కోసమే ఎదురుచూశాను. ఈశ్వరి వెనక్కి తిరిగొచ్చి, సైకిలు పడుకోబెట్టి, నా పక్కన కూర్చుని, నా మడమ పట్టుకుని బయటికి తిప్పింది. నవ్వలేదు. దాంతో నాకు ఇంకా మండింది. అప్పుడు తను చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతి కింద నల్లగా మచ్చ. బాత్రూంలో జారిపడ్డానని ఆమధ్య నాతో చెప్పిన దెబ్బ అది.

"నాను మూడుమాట్లు పడ్డానక్కా. ఈ అమ్మోరి కాడే" అంది. "అత్తమ్మ అలవాటు సేసీసింది కదేటి, కాలు దానంతటదే లాగీత్తది."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు నవ్వవేటి? నీ ముందర పడకూడదనే అంత ముందుకెల్లిపోయీదాన్ని. నువ్వొచ్చీసరికి లెగిసి, ఇసక దులిపీసుకుని ఎల్లిపోయీదాన్ని."

నన్ను వదిలి పారిపోతోందని మూడు నెలలు నేను కడుపు మండించుకుంటే, అది నా నుంచి దాక్కోవడానికి తొక్కిందన్నమాట. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. గుడి ఎదురుగా టీ కొట్టామె నీళ్లు తెచ్చి, నా మోకాలికి కాఫీపొడి అద్దుతూ, "ఈయమ్మకీ నానే ఎట్టాను. మీ ఇంట్లో అందరూ ఇక్కడే పడతారేటి?" అని అడిగింది. అవునని ఇద్దరం ఒకేసారి అన్నాం. టీలు తాగి బయల్దేరాం. ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. మూడుసార్లు పడి దానికి ఒక్క మచ్చ, ఒక్కసారికే నాకు మోకాలూ మోచెయ్యీ రెండూ గీరుకుపోయాయి.

ఏడున్నర దాటాక భీమిలి చేరాం, పక్కపక్కనే. మూడు నెలల కబుర్లు పేరుకుపోయి ఉన్నాయి కాబట్టి దారి సరిపోలేదు, మిగిలినవి పెసరట్టు తింటూ పూర్తి చేశాం. మీరు వెళ్తే ఎనిమిదిన్నర లోపలే వెనక్కి బయల్దేరండి, ఆ తర్వాత ఎండా, కార్లూ రెండూ పెరుగుతాయి.

ఈ వయసులో కొత్తది నేర్చుకోవడం కష్టమంటారు. నాకు కష్టమైంది పాతది మర్చిపోవడం. కాలికి అలవాటైన దండం, మనసుకి అలవాటైన మంట, రెండూ మనం చెప్పకుండానే పైకి లేస్తాయి. అవి పూర్తిగా పోవాలని నేను అనుకోను, వాటిని చూసుకుని నడుచుకుంటే చాలు. క్లిప్ పెడళ్లు వేసుకునేవాళ్లకి నా సలహా ఒక్కటే. ఆగాలనుకున్న చోటికి చాలా ముందే, బండి ఇంకా కదులుతుండగానే, ఎడమ మడమ బయటికి తిప్పి కాలు తీసి ఉంచుకోండి. దేవుడైనా, సిగ్నలైనా, తోటికోడలైనా ఆ తర్వాతే. తిరుగుదారిలో మేమిద్దరం అలాగే చేసి గుడి దగ్గర సరిగ్గా ఆగాం. ఈసారి బూట్లే విప్పేసి దండం పెడదామంది ఈశ్వరి. దాని బూట్లకి లేసులు, నావి అంటుకునే పట్టీలు. అది ముడులు విప్పుకుంటూ ఉండగానే నేను వట్టికాళ్లతో ఇసకలో నిలబడి దండం పెట్టేశాను.