వేడెక్కిన ఇరుసు: గుంతకల్లు నుంచి బళ్లారికి

2003 వేసవిలో మా నాయన కంట్లో తుమ్మముల్లు గుచ్చుకుంది. చూపు మసకబారాక బళ్లారి కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరాం. వజ్రకరూరులో పొద్దున ఆరింటి బస్సెక్కితే గంటలో గుంతకల్లు చేరాం. అక్కడి నుంచి ఎనిమిదింటి ప్యాసింజరుకు టికెట్ పది రూపాయలు. సరిగ్గా నడిస్తే పదింటికల్లా బళ్లారి. డాక్టరు పన్నెండు దాకానే చూస్తాడు.

రైలు వచ్చి ఆగింది. ఎక్కి కూర్చున్నాం. కిటికీ కింద, నూనె మరకల ఖాకీ చొక్కాతో ఫిట్టరొకాయన ఒక్కో చక్రం దగ్గరా వంగి, ఇరుసు చివరి ఇనపపెట్టెకు చేతి వెనకభాగం ఆనించి చూస్తూ వస్తున్నాడు. మా బోగీ దగ్గర చెయ్యి చటుక్కున లాక్కున్నాడు. కాసేపటికి అందర్నీ దిగమన్నారు. మా బోగీని రైలు నుంచి విప్పేస్తారట.

నేను నలుగురిలో తిడుతూ ఆయన మీదికి పోయాను. "ఏమప్పా, మా నాయన కన్ను పోతాండాది. బళ్లారి దాకా పోనీకూడదా?"

ఆయన గొంతు పెంచలేదు. "ఈడికి రాన్నా. ముట్టుకోవద్దు, చెయ్యి దగ్గర పెట్టి చూడు." బెత్తెడు దూరానికే సెగ కొట్టింది. "లోపల బేరింగు కాలిపోయినాది. ఇట్లే పోతే ఇరుసు ఇరుగుతాది. నేను పనిలో చేరిన కొత్తల్లో, వేరే ఊర్లో, జనం తిడతాండారని ఇట్లాంటి బోగీనే ఒకదాన్ని వదిలేసినా. దావలో ఇరిగింది. ఒకాయన సచ్చిపోయినాడు. ఆయప్ప పెండ్లాం మొగం ఇంగా కండ్ల ముందరే ఉండాది."

నాయన నా భుజం పట్టుకుని, "ఆయన పని ఆయన్ను చేసుకోనీరా. ఇంతమందిమి ఉండాం గదా" అన్నాడు.

ఇంజను వచ్చి బోగీని లాక్కుపోయి, రైలు కదిలేసరికి పదిన్నర దాటింది. మేం చేరేటప్పటికి డాక్టరు వెళ్లిపోయాడు. మరునాడు చూశాడు. ఆ కన్ను దక్కలేదు.

"నిన్ననే చూసుంటే దక్కేదా సార్?" అని అడిగాను. దక్కేదంటే తప్పంతా ఆ ఫిట్టరు మీద వేయవచ్చు.

"ముల్లు దిగి ఎన్నాళ్లయింది?"

"ఐదు రోజులు. ఇంట్లోనే పసరు పోస్తా ఉంటిమి."

"కన్ను తీసింది ఆ పసరే. నిన్నటికే చీము పట్టింటుంది."

తిరుగు ప్రయాణంలో గుంతకల్లు ప్లాట్‌ఫారమంతా ఆయన కోసం వెతికాను. డ్యూటీ దిగి పోయినాడన్నారు. పేరైనా అడిగి ఉండలేదు. ఆ బోగీలో డెబ్బై మందిమి ఉన్నాం. అందరం ఇళ్లకు చేరాం. ఒక్కరమూ ఆయనకు మంచి మాట చెప్పలేదు. నేనైతే నలుగురిలో తిట్టాను కూడా.

ఈ దారిన ఆస్పత్రికి పోయేవాళ్లు ముందురోజే బళ్లారి చేరుకోండి. బోగీ విప్పుతామంటే మాత్రం వాదించకుండా దిగేయండి.