కళ్ళ మీద ఒట్టు

అబద్ధమాడితే కళ్ళు పోతాయంటారు. నావి పోలేదు. ఆసుపత్రి గోడ మీద వేలాడే అక్షరాల్లో అట్టడుగు వరుస కూడా ఇవాళ్టికీ గడగడా చదివేస్తాను. కానీ కళ్ళ మీద చెయ్యేసి ఆడిన అబద్ధం ఒకటి ఏళ్ళ తరబడి నాతోపాటు క్రేన్ ఎక్కుతోంది, నాతోపాటు దిగుతోంది, నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుంటోంది. దాని బరువెంతో చెప్పలేను. ఉక్కు చుట్టల బరువైతే చూపుతోనే చెప్పగలను, అది నా పని.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. నా వాళ్ళకు చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పేశాను, అది చివర్లో వస్తుంది. అసలేం జరిగిందో, ఎందుకు చేశానో పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. వినండి. జాలి మాత్రం పడకండి. పాపం, నొప్పితో ఉన్నాడు కదా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కళ్ళ మంట చాలు, ఆ మంట కూడా ఎందుకు?

మాది యారాడ. సముద్రం మీద బతికిన ఇళ్ళు. మా నాన్న తరం దాకా పడవే. నేనూ మా బావ అప్పలరాజూ కొండ దాటి, పోర్టు దగ్గర ఒక ప్రైవేటు యార్డులో క్రేన్ ఆపరేటర్లుగా చేరాం. ఓడలకెక్కే ఉక్కు చుట్టల్ని ఎత్తి దించే పని. బావ నా మేనత్త కొడుకు, మా చెల్లి నూకాలు మొగుడు. పనిలో నాకన్నా నెమ్మదస్తుడు, నాకన్నా మంచి ఆపరేటరు. ఈ చివరి ముక్క అప్పట్లో చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఇద్దరికీ కళ్ళజోళ్ళే. క్రేన్ క్యాబిన్‌లో కళ్ళజోడు ఎంత చికాకో పెట్టుకున్నవాడికే తెలుసు. షిఫ్టు మొత్తం కిందికే చూడాలి. చెమటకు జోడు ముక్కు మీద నుంచి జారిపోతుంటుంది. రెండు చేతులూ లివర్ల మీద ఉంటాయి, పైకి తోసుకోవడానికి మూడో చెయ్యి లేదు. సీతమ్మధారలో ఒక ఆసుపత్రిలో లేజరు చేసి కళ్ళజోడు తీయించేస్తారని కనిపెట్టింది నేనే. బావకు ఇష్టం లేదు. బాగున్న కళ్ళను కెలుక్కోవడం దేనికన్నాడు. నేనే పోరు పెట్టి లాక్కెళ్ళాను. ఒకే రోజు, ఒకే మిషను కింద, ముందు నేను, తర్వాత బావ. మర్నాడు వాకిట్లో నిలబడి కొండ మీద లైట్‌హౌస్‌ను జోడు లేకుండా చూసి ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. పొద్దున్న లేచేసరికి రెప్పలు కంటికి అతుక్కుపోయి ఉండేవి. గబుక్కున తెరిస్తే లోపల చర్మం లేచిపోయినట్టుండేది. ఇక రోజంతా ఎండుమిరపకాయలు తుంచిన చేత్తో కళ్ళు నలుపుకున్నట్టు మంట. పొద్దు వాలితే ప్రతి దీపం చుట్టూ గీతలు మొలిచేవి. ఆసుపత్రికి వెళ్ళాను. చూపు బ్రహ్మాండంగా ఉంది, కాస్త కళ్ళు పొడిబారాయి, చుక్కలు వేసుకుంటే తగ్గిపోతుందన్నారు. తగ్గలేదు. మళ్ళీ వెళ్ళాను. అక్షరాలు చదవమన్నారు, చదివాను. ఇంకేం కావాలయ్యా నీకు అన్నట్టు చూశారు. చాలామందికి ఏ ఇబ్బందీ లేకుండా బాగుంటుందట. బాగుండనీ, నేనెందుకు కాదంటాను? కానీ కనిపించడం వేరు, నొప్పి వేరు అని ఆ చల్లటి గదిలో ఎవరికి చెప్పను?

చెప్పడం మానేశాను. పోర్టు గాలిలో తిరిగే బొగ్గు పొడికి మా వైపు అందరూ కళ్ళు నలుపుకుంటూనే ఉంటారు, అందులో నేనొకణ్ణి. చుక్కల సీసా క్యారేజీ సంచి అడుగున దాచుకునేవాణ్ణి. క్యాబిన్ తలుపు వేసుకున్నాకే వేసుకునేవాణ్ణి. ఎవరైనా కళ్ళు ఎర్రబడ్డాయేమిటంటే ధూళి అనేవాణ్ణి. కళ్ళు బాగాలేవని తెలిస్తే క్రేన్ దింపేస్తారు. దిగి కింద గొలుసులు తగిలించే పని చేయాలా? నేను?

బావ అలా దాచలేదు.

అది వేసవి చేపల వేట నిషేధం ముగిసిన వారం. మా యార్డు ఇన్‌చార్జికి యారాడ వాళ్ళంటే ఒక అపనమ్మకం ఉండేది. నిషేధం ఎత్తేయగానే ఏదో సాకు చెప్పి డ్యూటీ ఎగ్గొట్టి సముద్రం మీదికి పోతారని. అది వట్టి మాటా కాదు. అంతకు ముందు ఏడాది కడుపునొప్పని చెప్పి మూడు రోజులు వేటకు పోయినవాణ్ణి నేనే. సరిగ్గా ఆ రోజుల్లో, ఉక్కు చుట్ట గాలిలో ఉండగా బావ కళ్ళ నుంచి ధారగా నీరు కారింది. కింద సైగలు చేసే మనిషిని ఎలాగో పోల్చుకుని, బరువు నేలకు దించి, క్రేన్ ఆపేసి మెట్లు దిగి వచ్చాడు. లేజరు చేయించుకున్నప్పటి నుంచీ కళ్ళు మండుతున్నాయనీ, ఈ కళ్ళతో మనుషుల నెత్తి మీద బరువు తిప్పలేననీ చెప్పాడు. ఇన్‌చార్జి నవ్వాడు. నా వైపు తిరిగి, నీకూ అక్కడే కదా చేశారు, నీకెలా ఉందన్నాడు.

నాకేం లేదు సార్ అన్నాను.

సాయంత్రం నూకాలు కబురు పెట్టింది. వెళ్ళేసరికి గుమ్మం పక్కన ఖాళీ చేపల తట్ట బోర్లించి దాని పక్కనే కూర్చుని ఉంది. బావ గోడకు ఆనుకుని కళ్ళ మీద తడిగుడ్డ వేసుకున్నాడు. బావ తమ్ముళ్ళు మర్నాడే పడవ దింపుతున్నారు. ఒక మనిషి తక్కువయ్యాడు. అదీ దాని అనుమానం.

"అన్నియ్యా, నిజం సెప్పు. మీ బావకి నిజంగా మంటేనా? ఏటకెల్డానికి ఏసాలేత్తన్నాడా?"

"నానెలా సెప్పగలనే? బావ కళ్ళు బావవి."

"ఇద్దరికీ ఒకే మిషను, ఒకే డాట్రు. నీకు మండతందా, నేదా? అది సెప్పు సాలు."

"నేదు."

"కళ్ళ మీద సెయ్యేసి సెప్పు."

మా ఇళ్ళలో ఊరికే ఒట్లు వేయరు. ఒడ్డు కానరాని చోట మనిషిని ఇంటికి చేర్చేవి కళ్ళే కాబట్టి, కళ్ళ మీద చెయ్యేసి చెప్పిన మాటను మా వాళ్ళెవరూ తిరిగి ప్రశ్నించరు. ఆ సంగతి నాకూ తెలుసు, బావకూ తెలుసు. బావ గుడ్డ తీసి నా వైపు చూశాడు. ఆ ఎరుపు నేను రోజూ అద్దంలో చూస్తున్నదే.

"దానికి సెప్పీ బావా," అన్నాడు. నన్ను నమ్మి అన్నాడు. నేను నిజం చెబుతాననుకున్నాడు.

కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించాను. రెప్పల కింద నిప్పులు పోసినట్టుంది. చెయ్యి చల్లగా తగిలి ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. అదీ చెప్పాలి మీకు.

"నా కళ్ళ మీద ఒట్టు. నాకేటీ నేదు."

నూకాలు లేచి తట్ట తీసుకుని లోపలికి పోయింది. అంతవరకూ ప్రతిరోజూ పక్కింటి నందివర్ధనం పూలు తెచ్చి, నీళ్ళలో తడిపి, చలవ చేస్తుందని మొగుడి కళ్ళ మీద పెట్టేది. ఆ రోజు నుంచి మానేసింది.

ఆ తర్వాత సంగతి ఒక్కసారిగా జరగలేదు. బావను గొలుసుల పనికి వేశారు. ఆ ధూళిలో నిలబడలేక మానేశాడు. పడవ ఎక్కితే నీటి మీద ఎండకు, ఉప్పుగాలికి అసలు కళ్ళు తెరవలేకపోయాడు. ఇప్పుడు ఒడ్డున వలలు బాగుచేస్తాడు, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడుముకుంటూ. ఊళ్ళో దొంగకళ్ళ రాజని పేరు పెట్టారు. పిల్లలు కూడా అలాగే పిలుస్తారు. మొగుడూ పెళ్ళాలకు ఏ మాట మీద మాట పెరిగినా నూకాలు చివరికి అక్కడికే వచ్చేది. మా అన్నియ్య కళ్ళ మీద చెయ్యేసి చెప్పాడు, నీకే ఎందుకొచ్చింది మాయరోగం అనేది. నేను వేసిన ఒట్టుతో నా చెల్లెలు తన మొగుణ్ణి ఏళ్ళపాటు కొడుతూ వచ్చింది. అతను ఒక్కసారైనా నా పేరు ఎత్తలేదు. నాకు ఎదురుపడితే బావా బాగున్నావా అనేవాడు. ఒకసారి తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఎందుకు చేశాను? భయంతోనా? ఎన్నాళ్ళో నాకు నేను అదే చెప్పుకున్నాను. పని పోతుందన్న భయం, తప్పేముంది, ఎవరికి ఉండదు? కానీ అది సగమే. అప్పట్లో యార్డుకు కొత్త క్రేన్ రాబోతోంది. దాని మీద ఒక్కడికే చోటు. అది అప్పలరాజుకే ఇస్తారని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అతను నోరు తెరిచి కళ్ళు మండుతున్నాయన్న క్షణంలో నాకు జాలి కలగలేదు, దారి కనిపించింది. ఆ క్రేన్ మీద ఇన్నేళ్ళుగా కూర్చున్నది నేను. నేను కూడా మనుషుల నెత్తి మీద అవే కళ్ళతో బరువులు తిప్పాను. ఇంతవరకూ ఏమీ జరగలేదు. జరగకపోవడం నా గొప్ప కాదు.

ఇది విని మీలో కొందరు అనుకునేది నాకు వినిపిస్తూనే ఉంది. దేవుడున్నాడు, అందుకే వాడికి ఆ కళ్ళనొప్పి అని. ఆగండి. నొప్పి అబద్ధం కంటే ముందే వచ్చింది. చేయని తప్పుకు ముందుగా పడే శిక్ష ఎక్కడైనా ఉంటుందా? మరి బావ ఏ తప్పు చేశాడు? అతనికీ అదే నొప్పి కదా. నా నొప్పిని నా తప్పు కింద జమ కట్టడానికి నేను ఒప్పుకోను. అలా కట్టేస్తే నాకే సుఖం. తప్పు చేశాను, అనుభవిస్తున్నాను, లెక్క సరిపోయింది అనుకుని పడుకోవచ్చు. సరిపోలేదు. నొప్పికి నేను బాధ్యుణ్ణి కాదు, అబద్ధానికి మాత్రం నేనొక్కణ్ణే బాధ్యుణ్ణి.

ఈ మధ్య వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అక్షరాలు చదవమనలేదు, ఎప్పుడు ఎక్కువగా మండుతుందని అడిగింది. కంటి పైపొరలో సన్నటి నరాలుంటాయట. తెగినవి మళ్ళీ సరిగా అతక్కపోతే కొందరిలో ఇలా అవుతుందట, గాయం కనబడదు గానీ నొప్పి నిజమేనంది. ఆ మాట వినడానికి ఇన్నేళ్ళు పట్టింది నాకు. ఒకరు నమ్మితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. బావకు అది ఆ సాయంత్రమే దొరకాల్సింది. నా నోట్లోనే ఉంది, నేను ఇవ్వలేదు.

అయినా వెంటనే వెళ్ళి చెప్పానా? లేదు. చుక్కలు వేసుకుంటూ, ఫ్యాను గాలి మొహానికి తగలకుండా తిప్పుకుంటూ, పొద్దున్నే రెప్పలు తడిపి గానీ తెరవకుండా ఇంకొన్నాళ్ళు లాగించాను. అలవాటైన అబద్ధం మంచంలా ఉంటుంది, దిగబుద్ధి కాదు.

కొన్నేళ్ళుగా నేను కొండకు ఇవతల, పోర్టు వైపే ఉంటున్నాను. కిందటి ఆదివారం యారాడ వెళ్ళాను. నూకాలు కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. బావ కొంచెం దూరంలో వల ముందేసుకుని కళ్ళు మూసుకుని అల్లుతున్నాడు. పక్కింటామె వచ్చి తన కూతురికి లేజరు చేయించాలనుకుంటున్నామనీ, ఏమైనా అవుతుందా అనీ అడిగింది. నూకాలు తలెత్తకుండానే, మా అన్నియ్యకి ఏటీ అవనేదు, కళ్ళ మీద ఒట్టేసి మరీ సెప్పాడు, ఈయన మాట వదిలేయ్ అంది. బావ చెయ్యి ఆగలేదు. అల్లుతూనే ఉన్నాడు.

"నూకాలూ," అన్నాను, "ఆ ఒట్టు అబద్ధం. నాకూ మండతంది. మొదట్నుంచీ."

చెయ్యి కళ్ళ మీద వేయలేదు ఈసారి.

అది అరుస్తుందనుకున్నాను. కత్తిపీట తీసి విసురుతుందని కూడా అనుకున్నాను. నా వైపు చూడనే లేదు. మొగుడి వైపు తిరిగింది.

"ఏటి బావా," అంది, "ఇప్పుడు కూడా మండతందా?"

బావ వేళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో అతన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"ఊఁ," అన్నాడు. "మండతంది."

నూకాలు చేతులు కడుక్కుంది. పక్కింటి దొడ్లోకి వెళ్ళి చెంగు నిండా నందివర్ధనం పూలు కోసుకొచ్చింది. నీళ్ళలో తడిపి, బావను చాప మీద పడుకోమంది. అతను చిన్నపిల్లాడిలా మాట విన్నాడు. పూలు ఒక్కొక్కటే ఏరి కళ్ళ మీద పెట్టింది. బావ నన్ను క్షమించాడో లేదో తెలియదు. అతని కళ్ళ మీద పూలున్నాయి, నా వైపు చూడలేదు.

"నువ్వెల్లు అన్నియ్యా," అంది.

బండి తీశాను. కొండ ఘాటీ దారి ఎక్కుతుంటే గాలికి కళ్ళు మామూలుగానే మండిపోయాయి. నిజం చెప్పాను కదా అని నొప్పి తగ్గలేదు, తగ్గుతుందని ఆశపడలేదు కూడా. మలుపులో ఆపి, జేబులోంచి సీసా తీసి, రోడ్డు పక్కన నిలబడి తల పైకెత్తి చుక్కలు వేసుకున్నాను. నలుగురూ చూసే చోట అలా వేసుకోవడం అదే మొదటిసారి. మా ఊరి వాడొకడు బండి నెమ్మది చేశాడు.

"ఏటి బావా, నలక పడిందేటి?"

"నలక కాదు," అన్నాను. "నొప్పి. అప్పల్రాజు బావకున్న నొప్పే."