ఆషాఢం దాటిన గుడ్లు

1967లో నేను బాపట్లలో పౌల్ట్రీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసరుగా ఉండేవాణ్ణి. పేరు ఘనమే గాని, రేపల్లె బస్సెక్కి ఊళ్ళు తిరగడం, నాటుకోళ్ళ మధ్య వదలడానికి సీమజాతి వైట్ లెగ్‌హారన్ పుంజుల్ని ఇవ్వడం, అవి బతికున్నాయో పలావులోకి వెళ్ళాయో చూసుకోవడం నా పని. జనం మాత్రం కోళ్ళ డాక్టరనేవారు.

శ్రావణమాసం చివర్లో చెరుకుపల్లి దగ్గర పల్లెలోని ఓ రైతు ఇంటి నుంచి కబురొచ్చింది. పొదగేసిన గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదట. నేనిచ్చిన పుంజు మీద నింద పడుతుందని భయపడుతూ వెళ్ళాను.

ఇంటావిడ మహాలక్ష్మమ్మగారు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. మంచి మనిషి, నెమ్మదైన మాట.

"పుంజులో లోపమేదైనా ఉందేమోనమ్మా," అన్నాను.

"పుంజుకేంటి బాబూ, నిక్షేపంలా ఉంది. మా కోడలి చెయ్యే మంచిది కాదు. రేపు వాళ్ళన్నయ్య వస్తాడు, చుండూరు, పుట్టింటికి పంపించేస్తున్నాం."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. వసారాలో ట్రంకుపెట్టె సర్ది ఉంది. దాని పక్కన తల వంచుకుని ఆ పిల్ల, సరోజిని. మొగుడు దూలం వంక చూస్తూ నిలబడ్డాడు. కోడిగుడ్లు పొదగలేదని కాపురం తీసేయడమేంటో నాకు అర్థం కాలేదు.

"ఈ గుడ్లు ఎప్పటివమ్మా?" అనడిగాను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు సరోజిని పొదగేసిన గుడ్లన్నీ పిల్లలయ్యాయి. కోడలిది చల్లని చెయ్యని అత్తగారు ఊరంతా చెప్పుకున్నారు. ఇంతలో ఆషాఢం వచ్చింది, కొత్తకోడలు పుట్టింటికి వెళ్ళింది. ఆ చేత్తోనే పొదగేయించాలని, నెల మొదట్లో పెట్టిన గుడ్లను ఈవిడ తవుడు కుండలో దాచారు. మురిపెంతోనే దాచారు. శ్రావణంలో కోడలొచ్చి పొదగేస్తే ఒక్కటీ పిల్ల కాలేదు. పుట్టింటికెళ్ళి చెయ్యి పాడు చేసుకొచ్చిందని తేల్చేశారు.

గుడ్డు పెంకుకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. రోజులు గడిచేకొద్దీ తడి ఆరిపోయి, మొద్దు వైపున గాలి గది పెరుగుతుంది. దాన్ని ఎయిర్ సెల్ అంటాం. ఆ ఉక్కలో వారం దాటితేనే లోపలి పిండం నీరసిస్తుంది, నెలకు చచ్చిపోతుంది. గుడ్డు పైకి మాత్రం తెల్లగా నవనవలాడుతూనే ఉంటుంది.

పొదగని గుడ్డొకటి పళ్ళెంలో పగలగొట్టాను. కంపుకొట్టే నీళ్ళే గాని, పిండం ఎదుగుతుంటే కనబడే రక్తపు జాడ కూడా లేదు. మహాలక్ష్మమ్మగారు ముక్కు మూసుకుని, "చెయ్యి పడ్డాకే కదా బాబూ ఇలా అయింది," అన్నారు.

"కుండలో ఇంకా ఉన్నాయా?"

"అడుగున నాలుగైదు మిగిలాయి."

"వాటి మీద అమ్మాయి చెయ్యి పడిందా?"

"లేదు. నేనే దాచాను, నేనే తీశాను."

చీకటి గదిలో వాటిని టార్చి లైటు ముందు పెట్టి చూపించాను. దాన్నే క్యాండ్లింగ్ అంటాం. గుడ్డులో సగం మేర ఖాళీ. ఒకటి పగలగొడితే అవే నీళ్ళు, అదే కంపు. పక్కనే ఆ పూట పెట్టిన గుడ్డు కొట్టాను. పచ్చసొన గుండ్రంగా ఉబ్బి నిలబడింది. ఆవిడ రెండు గుడ్లనూ మార్చి మార్చి చూశారు.

"తాజా గుడ్లు అమ్మాయి చేత వేయించండి. పిల్లలయ్యేదాకా ప్రయాణం ఆపండి, మీకు దణ్ణం పెడతాను," అన్నాను. అప్పుడు నోరు తెరిచాడు మొగుడు: "ఆపుదామమ్మా."

పిల్లలయ్యాక మళ్ళీ వెళ్ళాను. వాకిలంతా కోడిపిల్లలే. మహాలక్ష్మమ్మగారి మొహం వెలిగిపోతోంది. "మా కోడలిది చల్లని చెయ్యి బాబూ. మళ్ళీ దఫా కూడా తనే వేస్తుంది," అన్నారు.

సరోజిని చాటలోని నూకలు చల్లుతోంది. తలెత్తకుండానే, "నేను వెయ్యనండి అత్తయ్యా. మీరే వేసుకోండి," అంది.

అత్తగారు బిత్తరపోయారు. నేనూ బిత్తరపోయాను. గుడ్లలో తప్పు తేల్చేశాను, ఇక అంతా సర్దుకుందనుకున్నాను. మెప్పయినా, నింద అయినా ఆ పిల్లకు ఇక అక్కర్లేదని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆ తర్వాత తెనాలిలో, రేపల్లెలో ఎక్కడ గుడ్లు పొదగలేదన్నా ముందు ఎప్పటివని అడిగేవాణ్ణి. వెంటనే, ఇంట్లో ఎవర్ని తిట్టారని అడిగేవాణ్ణి. తిట్లు తినని ఇల్లాలు ఉన్న ఇల్లు నాకు అరుదుగా తగిలింది.