మైకు కుళ్ళాయప్ప వినడం నేర్చిన కథ

హిందూపురంలో మైకు కుళ్ళాయప్ప అంటే తెలియనివాళ్ళు లేరు. పెళ్ళాన్ని కాబట్టి గొప్పలు పోతున్నానని అనుకోకండి. ముప్పై ఏళ్ళపాటు ఈ ఊళ్ళో పెళ్ళయినా, జాతరయినా, ఎలక్షనయినా మా హారన్లే మోగాయి. మహానుభావుడు ఆ బాక్సుల ముందే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ మోతంతా ఎక్కడికి పోతుంది? ఆయన చెవుల్లోకే పోయింది.

మొదట ఫోను వినపడటం మానేసింది. తర్వాత కుక్కరు ఈలలు. చివరికి నేను. డాక్టరు చెవి మిషన్ పెట్టుకోమంటే ఇంతెత్తున లేచాడు.

"మైకు సెట్టోడు చెవిలో మిషన్ పెట్టుకుంటే ఊరంతా నగుతాది. నాకు బాగానే ఇనపడతాండాది!"

బాగానే వినపడుతోందట! నేను "పెరుగు వేసేదా" అంటే, "శనివారం పోదాంలే" అనేవాడు. మొదట్లో నవ్వేదాన్ని. రానురాను నవ్వు కూడా రాలేదు. ఏమడిగినా తలూపి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇంట్లో ఇద్దరం ఉన్నా నేనొక్కదాన్నే ఉన్నట్టుండేది. నాకేమో నోరు ఊరుకోదు. వినేవాడు లేకపోయేసరికి గొణుక్కోవడం మొదలుపెట్టాను. ఆయన పక్కనే కూర్చుని ఆయన్నే తిట్టిపోసేదాన్ని. అబద్ధమెందుకు, కాస్త హాయిగానే ఉండేది.

డీజేలు వచ్చాక మా హారన్లు మూలన పడ్డాయి. ఈయన గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం చూడలేక, పెళ్ళి వీడియోలు తీసే తిరుపాల్ తన పాత రికార్డరు, హెడ్‌ఫోన్స్ తెచ్చిచ్చాడు. "పాటలు కాదన్నా, బయటి శబ్దాలు పట్టు," అని ఆయన చెవి దగ్గర అరిచాడు. "పిట్టలు, వాన, సంత. ఇంటర్నెట్టులో అవే ఇనేవాళ్ళుండారు."

ఈయన పెరట్లో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని రికార్డరు వాల్యూం పెంచాడు. అలాగే నిలబడిపోయాడు.

"అనసూయా! కొళాయి కాడ పిచ్చుకలుండాయే! ఎప్పుడొచ్చినాయి?"

అవెప్పుడూ అక్కడే ఉన్నాయి.

ఇక చూడాలి ఆయన సంబరం! కానీ ముప్పై ఏళ్ళు శబ్దాన్ని బయటికి తోలినవాడికి లోపలికి పట్టుకోవడం చేతకాలేదు. మొదటిరోజు పడిందంతా జేబులో తాళాల గలగల, సొంత ఊపిరి బుసలు. పట్టుగూళ్ళ మార్కెట్లో గూళ్ళు ట్రేలలో పోసే చప్పుడు పట్టబోతే, "ఏమప్పా, ఏ ఛానలు?" అని జనం మూగారు. ధర్మవరంలో మా అన్న మగ్గం దగ్గర పెడితే నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు చక్కగా పడుతోంది, ఇంతలో మా వదిన రాధ వచ్చి, "అన్నా, కాపీలో చక్కెర ఏసేదా?" అని అరిచింది. ఈయన తలూపాడు. కాఫీతో సహా అదంతా ఇప్పటికీ రికార్డులోనే ఉంది.

మెల్లగా నేర్చాడు. తాళాలు ఇంట్లోనే వదిలి, రికార్డరు ఏ రాతిమీదో పెట్టి, పొడుగు వైరు హెడ్‌ఫోన్స్‌తో దూరంగా కదలకుండా కూర్చునేవాడు. గాలికి మాత్రం మందు దొరకలేదు. మైకులో గాలి దూరితే లారీ పోయినట్టే ఉంటుంది. చివరికి నేనే పాత కంబళి ముక్క కత్తిరించి, చిన్న టోపీలా కుట్టి మైకుకు తొడిగాను. గాలి నోరు మూసుకుంది.

హెడ్‌ఫోన్స్ చూసి ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. అదేదో పని అనుకున్నారు. చెవి మిషన్ మాటెత్తితే మాత్రం మళ్ళీ పాత పాటే. నా ఖర్మ చూడండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నంతసేపు రికార్డింగని నేను నోరు తెరవకూడదు. తీసేశాక తెరిచినా లాభం లేదు. పిచ్చుకలకిచ్చిన చెవి నాకివ్వడేమని ఒళ్ళు మండిపోయేది.

పోయిన చలికాలంలో ఒక పొద్దున కౌజు పిట్టల కూతలు పట్టాలని పెనుకొండ కొండెక్కాం. రికార్డరును నా పక్కన బండమీద పెట్టి, ఆయన ముందుకెళ్ళి నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నోటిమీద వేలు పెట్టి నాకు సైగ కూడా చేశాడు. సరే అనుకున్నాను. ఎంతసేపు ఉండగలను? ఆ వీపు చూస్తుంటే, అలవాటు కొద్దీ నోరు దానంతటదే కదిలింది.

"కౌజు కూస్తే ఇంటాడు, పెండ్లాం పిలిస్తే ఇనడు. పొయ్యితో మాట్లాడి మాట్లాడి నాకు యాష్టొస్తాండాది. నీ చెవులు పోయినాయని కాదయ్యా నా ఏడుపు. రేపు నేను పోయినా నీకు ఇనపడదేమోనని."

ఆయన భుజాలు కదిలాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయని! మెల్లగా ఇటు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"రోజూ ఇట్లే మాట్లాడతాంటివా?"

"రోజూ."

"నన్నేనా తిట్టేది?"

"నిన్ను కాక ఇంకెవర్ని తిడతా?"

నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "తలూపితే నీకు తెలీదులే అనుకుంటినే. ఆ మిషన్ పెట్టుకుంటే పనికిరానోడినై పోతానని బయ్యం," అన్నాడు. కౌజులు కూశాయో లేదో మాకిద్దరికీ తెలియదు.

తిరుగు బస్సులో కూడా హెడ్‌ఫోన్స్ తీయలేదు. టోపీ తొడిగిన మైకు నా ముందు పెట్టాడు. "రేపే పోయి ఆ మిషన్ తెచ్చుకుందాం. అంతదంకా ఇది ఉండాది కదా. చెప్పు, ఇంటాండా."

చెప్పడం మొదలుపెట్టాను. వెనక సీటువాళ్ళు నవ్వుకున్నా ఆపలేదు. సోమందేపల్లి దాటేసరికి ఆయన నా మాటకు ఎదురు చెప్పాడు. నేనూ ఊరుకోలేదు. ఎన్నేళ్ళయిందో మేమిద్దరం అలా పోట్లాడుకుని! హిందూపురం వచ్చిందని కండక్టరు వచ్చి చెప్పేదాకా పోట్లాడుకుంటూనే ఉన్నాం.