ఎల్మీర్ పిన్ని గోడ

ఎల్మీర్ పిన్ని పోయి ఏడాదైంది. ఇప్పటికీ ఆవిడ ఇంటిముందు నడిచేటప్పుడు నా చెప్పులకు మట్టి అంటిందేమోనని చూసుకుంటాను. హైతీలోని మా కాప్ హైతియన్ ఊళ్లో ఫ్రెంచి దొరలు వదిలిపోయిన పాత ఇల్లు అది. బానిసలు తిరగబడ్డప్పుడు పారిపోయేముందు వాళ్లు బంగారం కుండను పాతిపెట్టి, గొయ్యి తవ్విన బానిసనే చంపి, దానికి కాపలాగా పైన పూడ్చేవారని మా ఊళ్లో అందరి నమ్మకం. అందుకని పిన్ని ఎవరినీ నమ్మేది కాదు. పొద్దున్నే కాఫీలో తొలి చుక్కలు పోయినవాళ్లకని నేలమీద వంచి, కిటికీ చెక్కల సందులోంచి వచ్చేపోయేవాళ్ల కాళ్లకు తవ్విన మట్టి అంటిందేమోనని చూస్తుండేది. ఒక ఏడు వానలకు వెనకగోడ ఒరిగింది. పునాది తవ్వి కట్టకపోతే ఇల్లు కూలుతుందన్నాడు మేస్త్రీ ఒరేలుస్.

"నీ కన్ను గోడ మీదా, గోడ కిందున్నదాని మీదా?" అంది పిన్ని.

"కుండ దొరికితే నీ నెత్తినే పెట్టి పోతాలే పిన్నీ. ముందు ఇల్లు నిలబెట్టనీ."

ఆవిడ గొయ్యి అంచునే కుర్చీ వేసుకుని, అతను ఎత్తిపోసిన మట్టినంతా వేళ్లతో చిదిమి చూసింది. మూడోరోజు పార ఆగింది. మట్టిలో మనిషి ఎముకలు, కాలి ఎముక చుట్టూ బానిసలకు వేసే ఇనుప కడియం, తుప్పుపట్టి.

"ఇంకొంచెం కిందికి తవ్వితే..." అంటూ ఒరేలుస్ మళ్లీ పార ఎత్తాడు.

పిన్ని పావడా ఎత్తిపట్టుకుని గొయ్యిలోకి దిగింది.

"కుండ ఎక్కడికీ పోదు. ముందు ఆయన కాలి కడియం విప్పు."