పెర్క్లోరిక్ అయిపోయిన వారం

ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఉదయగిరిలో మా చర్చి పాస్టరమ్మ ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దవాళ్లను కూర్చోబెట్టి నేర్పితే తెలుగు పట్టుబడింది. ఇంగ్లీషు మాత్రం ఆత్మకూరు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా పనిచేస్తూ సీసాల మీద నేర్చుకున్నాను. అందుకే నాకొచ్చిన ఇంగ్లీషులో సగం యాసిడ్ల పేర్లే. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

ఆలస్యంగా నేర్చుకున్నవాడికి రాయడమంటే పిచ్చి. ఏ రోజు ఏ సీసా తీశాను, ఎంత పోశాను, ఎవరు పొయ్యమన్నారు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసేవాణ్ణి. రాయమని ఎవరూ చెప్పలేదు. రాశావా అని ఎవరూ అడగలేదు.

నా సర్వీసు చివర్లో ఉదయగిరి అమ్మాయి ఒకామె మా కాలేజీలో లెక్చరరుగా చేరి, మా హెడ్ సార్ దగ్గరే పీహెచ్‌డీ మొదలుపెట్టింది. పుల్లటి నీళ్లలో, అంటే యాసిడ్ కలిపిన నీళ్లలో, మాలిబ్డినం అనే లోహం ఏ రూపంలో ఉంటుందో చూడడం ఆమె పని. అదేంటని ఒకరోజు అడిగాను.

“పైరుకు రవ్వంత చాలు పెదనాయనా, ఎక్కువైతే గొడ్లకు జబ్బు. నీళ్లల్లో అది ఒంటరిగా ఉండాదా, గుంపుగా ఉండాదా అనేదే నా చదువు. యాసిడ్ లేకుంటే ఒక్కొక్కటే తిరుగుతాది. కాస్త పోస్తే ఏడూ ఎనిమిదీ చేరి అనంతసాగరం ఆటోలో జనం మాదిరి ఇరుక్కుంటాయి. ఇంకా పోస్తే మళ్లీ దిగిపోతాయి.”

“నీకెట్టా కనపడతాయి?”

“నాకు కనపడవు. మెషీనుకు కనపడతాయి.”

ఆ యూవీ మెషీను మన కంటికి ఆనని వెలుతురును నీళ్లలోంచి పంపిస్తుంది. నీళ్లు ఎక్కడెంత వెలుతురు మింగాయో గీత గీసి చూపిస్తుంది. గీతను బట్టి ఒంటరా గుంపా చెప్పొచ్చట. నీళ్లు పోసే చిన్న క్వార్ట్జ్ గాజు సెల్లులు కడగడం, యాసిడ్ నీళ్లు కలపడం నా పని. పెర్క్లోరిక్ యాసిడ్ తప్ప వేరేది వాడొద్దని ఆమె మొదటిరోజే చెప్పింది. తక్కినవాటిలో కొన్ని తామే వెలుతురు మింగుతాయట.

ఒక వారం పెర్క్లోరిక్ అయిపోయింది. అమ్మాయి వాళ్లమ్మకు బాగాలేక ఉదయగిరి వెళ్లింది. సారుకు ఏదో మీటింగులో చెప్పుకోవడానికి రీడింగులు కావాలి. పెర్క్లోరిక్ లేదని చెప్తే నైట్రిక్ పొయ్యమన్నాడు. అమ్మాయి వద్దన్నదని చెప్పాను.

“యాసిడ్ ఏదైతే ఏందయ్యా? మీటర్లో అదే నంబర్ వస్తే చాలు. నువ్వు నాకు కెమిస్ట్రీ చెప్తావా?”

పోశాను. పులుపు కొలిచే మీటర్లో అదే నంబరు వచ్చింది. మెషీనులో పక్కన పెట్టి పోల్చి చూసే, మాలిబ్డినం లేని నీళ్లు మాత్రం ముందు కలిపిన పెర్క్లోరిక్‌వే. వాటిని ఆయన మార్చమనలేదు. నైట్రిక్, సార్ పొయ్యమన్నారు అని ఆ రోజు నోటుబుక్కులో రాసుకున్నాను. ఆయన రికార్డులో పెర్క్లోరిక్ అనే రాశాడు.

గీతలో మూడొందల నంబరు దగ్గర ఎప్పుడూ లేని బొడిపె లేచింది. మాలిబ్డినానికి కొత్త రూపం దొరికిందని సారు మీటింగులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. అమ్మాయి తిరిగొచ్చి ఆ బొడిపె మీద ఒక చాప్టరే రాసింది. ఆ బొడిపెకూ నేను పోసిన సీసాకూ సంబంధం ఉందని నాకు తెలియదు. తెలిసుంటే అప్పుడే చెప్పేవాణ్ణి.

యూనివర్సిటీ వాళ్లు ఆ రీడింగు మళ్లీ తీసి చూపించమన్నారు. ఎన్నిసార్లు తీసినా బొడిపె రాలేదు. చాప్టరు దొంగదంటే నాలుగేళ్ల చదువూ పోతుందని అమ్మాయి టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏ తారీఖుదని అడిగి నోటుబుక్కు తీసి చూపించాను. చదివింది. బొడిపె ఉన్న గీత తీసి పక్కన పెట్టుకుంది. నైట్రిక్ సరిగ్గా అక్కడే వెలుతురు మింగుతుందట.

“పద, సారుకు చూపిద్దాం,” అన్నాను.

“వద్దు పెదనాయనా. నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.”

ఆమె ఆయనకేం చెప్పుకుందో నాకు తెలియదు. రెండు రోజులకు ఒక కాగితం తెచ్చింది. చదువురాని అటెండరు పొరపాటున సీసా మార్చినందువల్ల రీడింగులు తప్పాయి, తిరిగి తీయడానికి గడువు ఇప్పించగలరు. కాగితం మొత్తం నేనే చదువుకున్నాను, ఆమె ముందరే. పెన్ను అడిగితే ఇంకు ప్యాడు ముందుకు జరిపింది.

“సంతకముంటే వాళ్లు నమ్మరంట. వేలిముద్ర వెయ్యమన్నాడు సారు.”

ఆమె నా వైపు చూడలేదు.

“నీ నాలుగేళ్లు మట్టికొట్టుకుపోతాయని వేస్తన్నా. ఇష్టమై కాదు. ఆ సంగతి గుర్తు పెట్టుకో,” అన్నాను.

వేశాను. నెలనెలా జీతం రిజిస్టరులో నేను సంతకం చేసే ఆఫీసే ఆ కాగితం మీద ముద్రేసి పంపించింది. ఒక్కడు కూడా ఇదేందని అడగలేదు.

గడువిచ్చారు. రీడింగులు కుదిరాయి, ఆమె డాక్టరయింది. నాకు మాత్రం యాసిడ్ల బీరువా తాళం తీసేసుకున్నారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ సీసా కావాలన్నా కొత్తగా చేరిన లెక్చరరు వచ్చి తీసిచ్చేవాడు. మంచివాడే. నాకు అర్థం కావాలని లేబుల్ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం పలికి, “ఇది నైట్రిక్ తాతా, గుర్తుంటాదా?” అని రోజూ అడిగేవాడు. అమ్మాయి పక్క టేబుల్ దగ్గరే ఉండేది. తల ఎత్తేది కాదు. గుర్తుంటుందని చెప్పి సీసా తీసుకునేవాణ్ణి.